దుబాయ్ మ్యూజియంలో మనవాళ్ల గది ఏది?

దుబాయ్ వెళ్లొచ్చిన తెలుగువారి ఫోన్లలో ఫొటోలు దాదాపు ఒకేలా ఉంటాయి. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా, పక్కనే మాల్, ఇసుక దిబ్బల మీద జీపు, బంగారు దుకాణాల వీధి. నాలుగు రోజుల టూర్ ప్యాకేజీలో ఇంతకు మించి చోటుండదు. ఆ ఊరికి చరిత్రేముంది, చమురు పడ్డాక లేచిన మేడలే కదా అనే మాట కూడా మామూలైపోయింది. దుబాయ్‌కి చమురు కనిపించింది 1966లో. ఊరు మాత్రం అంతకు ఎంతో ముందు నుంచీ బతికింది. సముద్రం నుంచి లోపలికి చొచ్చుకొచ్చిన పాయ పొడవునా, దాన్ని ఆంగ్లంలో దుబాయ్ క్రీక్ అంటారు, ఆ బతుకు ఇప్పటికీ కనిపిస్తుంది. కాకపోతే దాన్ని చూడాలంటే ఏసీ బస్సు దిగి నడవాలి.

నడక అల్ ఫహీదీ పేటలో మొదలుపెట్టడం మంచిది. నవంబరు నుంచి మార్చి మధ్య అయితే పగలు కూడా తిరగొచ్చు. పర్షియా తీరంలో పన్నులు పెరిగాక, ఇక్కడి పాలకుడు 1894లో విదేశీ వ్యాపారులకు పన్ను మినహాయించాడని విని బస్తక్ ప్రాంతపు వర్తకులు తరలివచ్చి కట్టుకున్న ఇళ్లివి. గోడలకు సముద్రంలోంచి తీసిన పగడపు రాయి. కప్పులకు తూర్పు ఆఫ్రికా నుంచి పడవల్లో వచ్చిన మడచెట్ల వాసాలు. తలుపులకు భారతదేశపు టేకు. ఇంటి మీద నాలుగు వైపులా తెరుచుకున్న గాలి గోపురం ఉంటుంది. ఏ దిక్కు నుంచి గాలి వీచినా దాన్ని పట్టి కింది గదిలోకి దింపుతుంది. సందులు ఎందుకంత ఇరుకంటే, ఎదురెదురు గోడల నీడ పగలంతా దారి మీద పడాలని. కరెంటు లేని రోజుల్లో ఎడారి వేడిని మనిషి ఎలా తట్టుకున్నాడో పుస్తకం చదివి తెలుసుకోవడం వేరు, ఎండలోంచి ఆ సందులోకి అడుగుపెట్టడం వేరు.

1980లలో ఈ పేటలో కొంత భాగాన్ని కూల్చేశారు. మిగిలింది కూడా పోయేదే. అక్కడ ఉంటున్న ఒక బ్రిటిష్ ఆర్కిటెక్టు పట్టుబట్టడంతో, 1989లో వచ్చిన ప్రిన్స్ చార్లెస్ ఆసక్తి చూపడంతో పాలకులు మనసు మార్చుకున్నారు. ఈ రోజు పర్యాటకులు టీ తాగే ఆ వాకిళ్లు అలా దక్కాయి. పాత ఇళ్లను బుల్డోజర్‌కు అప్పగించడంలో వెనకాడని మన నగరాలకు ఇది తెలియాల్సిన సంగతి.

పేట దాటి ఒడ్డు వెంట పోతే బట్టల బజారు, దాని పక్కనే హిందీ లేన్ అనే సన్నటి సందు. పూలదండలు, కొబ్బరికాయలు, పూజా సామగ్రి. 1958లోనే ఇక్కడ హిందూ మందిరం వెలిసింది. ఆ కాలానికి దుబాయ్‌లో చెలామణి అయింది మన రూపాయే. 1959 నుంచి రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ దేశాల కోసం ప్రత్యేకంగా నోట్లు అచ్చువేసింది. 1966లో రూపాయి విలువ తగ్గించాక వాళ్లు దాన్ని వదిలేశారు. రేవులో ఒక్క దిర్హామ్ ఇస్తే అబ్రా పడవ అవతలి ఒడ్డున దేరాలో దించుతుంది. యాలకులు, కుంకుమపువ్వు, ఎండునిమ్మకాయల బస్తాల మధ్య నుంచి బంగారు బజారుకు దారి.

షిందఘా మ్యూజియానికి సగం పూటైనా కేటాయించాలి. పాలక కుటుంబం నివసించిన పాత ఇళ్లను బాగుచేసి, ఒక్కో ఇంట్లో ఒక్కో కథ చెప్పారు. అత్తరుకు ఒక ఇల్లు. పూడుకుపోతున్న పాయను తవ్వించడానికి షేక్ రషీద్ కువైట్ నుంచి అప్పు తెచ్చి ఊరిని పెద్ద రేవుగా మార్చిన కథకు ఇంకొకటి. ఎంతో శ్రద్ధగా అమర్చిన ప్రదర్శన ఇది.

ముత్యాల కథ మాత్రం తెలుగువాళ్లు ఆగి చూడాలి. బస్రా ముత్యాలనే పేరుతో అమ్ముడైనవి ఈ గల్ఫ్ నీళ్లలోవే. నిజాం నగల్లోని ఏడుపేటల సత్లడా హారం ఆ ముత్యాలదే. 1995లో కేంద్రం రూ.218 కోట్లకు కొన్న నగల్లో అదీ ఒకటి. ఆ ముత్యాన్ని పైకి తెచ్చినవాడు వేసవి నాలుగు నెలలూ పడవ మీదే ఉండేవాడు. ముక్కుకు క్లిప్పు, కాలికి రాయి, నడుముకు తాడు. బయల్దేరే ముందు ఇంటి ఖర్చుకు పడవ నాయకుడి దగ్గర అప్పు తీసుకునేవాడు. వేట సరిగా సాగకపోతే అప్పు మరుసటేడాదికి పాకేది. మనిషి చనిపోతే కొడుకు మీద పడేది. 1929 తర్వాతి ఆర్థిక మాంద్యం, జపాన్ కల్చర్డ్ ముత్యం కలిసి ఆ వ్యాపారాన్ని ముంచేశాయి.

అప్పుచేసి గల్ఫ్‌కు బయల్దేరే పద్ధతి దాంతో ముగియలేదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఏజెంటు చేతిలో పోసి విమానం ఎక్కిన మేస్త్రీలు, కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు ఆ ముత్యాల కూలీకి వారసులు. దుబాయ్ జనాభాలో పదింట తొమ్మిది వంతుల దాకా విదేశీయులే. అయినా షిందఘాలో అత్తరుకు ఒక ఇల్లంతా ఉంది, కాంక్రీటు కలిపిన చేతులకు ఒక ఇల్లు లేదు. ఎతిహాద్ మ్యూజియం 1971 డిసెంబరు 2న దేశాన్ని ఏర్పరచిన పాలకుల కథను గొప్పగా చెబుతుంది. ఆ దేశపు రోడ్లు వేసినవారి కథకు అలాంటి చోటు దొరకలేదు. ఇది అసాధ్యమైన కోరిక కాదు. పొరుగునే దోహాలో 2015లో తెరిచిన బిన్ జెల్మూద్ హౌస్, ఒకప్పటి బానిస వ్యాపారం గురించి దాచకుండా చెబుతోంది. దాని పక్కనే ఇంకో ఇల్లు తొలితరం చమురు కార్మికులది.

దుబాయ్‌ని అడిగే ముందు మనల్ని మనం అడగాలి. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు రూ.5 లక్షలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ప్రకటించింది. అవసరమైన పని. అయితే ఆ మనుషుల జ్ఞాపకానికి కరీంనగర్‌లోనో కడపలోనో ఒక మ్యూజియం కూడా కావాలి. దానికి కావలసిన సామగ్రి ఊళ్లలోనే ఉంది: పాత పాస్‌పోర్టులు, ఏజెంటు రాసిచ్చిన రసీదులు, నెలకోసారి వచ్చిన ఉత్తరాలు, గొంతు రికార్డు చేసి పంపిన క్యాసెట్లు. విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు విద్యార్థులను ఈ ఇళ్లకు పంపాలి. తిరిగొచ్చిన తొలితరం వాళ్లు ముసలివాళ్లయిపోయారు, వాళ్ల మాటలు ఇప్పుడే రికార్డు చేయాలి. దుబాయ్ వెళ్లేవారు ఒక పూట పాత ఊళ్లో నడవండి. వెళ్లొచ్చినవారి ఇళ్లలో అటక మీద ఆ రోజుల పెట్టె ఉంటే దయచేసి పాత సామాన్లవాడికి వేయకండి.