కొన్న వస్తువునకు మరల చందా

హవేలిఘనపూర్ నుండి మెదకు పట్టణమునకు వచ్చు త్రోవలో ఇండ్ల కప్పులను చూచుచు పోయినచో ఒక సంగతి కంటబడును. కొన్ని యిండ్లపై రెండేసి డిష్షులు కలవు. ఒకటి ఆకాశము వంక చూచుచు పనిచేయుచుండును. రెండవది తుప్పుపట్టి, తీగ తెగి, పిచ్చుకలు వాలుటకు మిగిలియుండును. అది చెడిపోయినది కాదు. ఇంటి యజమాని కంపెనీ మార్చెను, అంతియే. దాని పెట్టె కూడ క్రింద ఏ గూటిలోనో పడియుండును. విద్యుత్తు ఇచ్చిన దీపము వెలుగును గాని బొమ్మ రాదు.

దీని మర్మము మన విద్యార్థులు తెలిసికొనదగినది. ఉపగ్రహము నుండి దిగు ప్రసారమునకు కంపెనీవారు గూఢలిపి తొడుగు వేయుదురు. ఆ ముడి విప్పు శక్తి పెట్టెలో ఉన్నది. విప్పుటకు అనుమతి మాత్రము కంపెనీ యొద్ద ఉన్నది. పైకము అందినంత కాలము అనుమతి వచ్చును, గడువు దాటిన రాదు. ఇందు సగము న్యాయమే. ప్రతిదినము క్రొత్త కార్యక్రమము వచ్చుచుండగా దానికి వెల యిచ్చుట ధర్మము. మంజీరపై 1905లో కట్టిన ఘనపురము ఆనకట్ట క్రింద సేద్యము చేసిన మన రైతులకు నీటి తీరువా తెలియనిది కాదు. తీరువా నిలిచిన నీరు నిలువవచ్చును. అంతమాత్రమున నాగలి కఱ్ఱు నేలలో దిగనని మొండికేయదు గదా! ఇచ్చట మొండికేయుచున్నది నాగలి. ఒక కంపెనీ పెట్టె మరియొక కంపెనీ ప్రసారమునకు కూడ పనికివచ్చునట్లు చేయవలెనని టెలికాం నియంత్రణ సంస్థ 'ట్రాయ్' 2020 ఏప్రిల్‌లో ప్రభుత్వమునకు సిఫారసు చేసెను. మన ఇండ్ల కప్పులు మాత్రము పూర్వమువలెనే యున్నవి.

చేతి ఫోను కథయు ఇట్టిదే. వచ్చు పిలుపులకు రుసుము లేకుండుట 2003 నుండి మనకు అలవాటైనది. 2018 చివర కొన్ని కంపెనీలు కనీసపు రీచార్జి లేనిచో వచ్చు పిలుపులను సైతము ఆపుదుమనెను. పట్టణములో చదువుకొను మనుమని గొంతు వినుటకు తప్ప ఫోను నెన్నడును తాకని ముసలమ్మ కూడ, తాను చూడని చిత్రములకు, తాను వాడని అంతర్జాలమునకు వెల కట్టవలసివచ్చినది. మాటలకు, సందేశములకు మాత్రమే పనికివచ్చు పథకములు వేరుగా ఉండవలెనని ట్రాయ్ 2024 డిసెంబరు 23న నియమము చేసినది. మంచిదే, ఆలస్యమైనను.

చందా అను మాట తెలుగు పాఠకునకు పరాయిది కాదు. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు స్థాపించిన 'భారతి'కి మన తాతలు చందాదారులు. చందా పంపకున్న మరుసటి సంచిక రాదు. వచ్చిన సంచికలు ఇంటనే యుండును. పత్రిక 1991లో ఆగిపోయినది. ఆ సంపుటములు గ్రంథాలయపు బీరువాలలో నేటికిని కలవు. పరిశోధన చేయు విద్యార్థులు వానిని తిరుగవేయుచునే యున్నారు. చందా మానిన నాడు పాత సంచికలలోని అక్షరములు కూడ మాయమగునని ఆనాడెవరైన చెప్పియుండిన, కాశీమజిలీ కథ యనుకొనియుందురు.

2009 జూలైలో ఇంచుమించుగా అదియే జరిగినది. అమెజాన్ సంస్థ తన 'కిండిల్' పఠనయంత్రములలో పాఠకులు వెల యిచ్చి కొనుకొన్న పుస్తకములను, యంత్రము వారి చేతిలో ఉండగనే, దూరము నుండి తుడిచివేసెను. అమ్మినవారికి ప్రచురణ హక్కు లేదన్నది కారణము. పైకము తిరిగి యిచ్చిరి. సంస్థాధిపతి పిదప క్షమాపణ చెప్పెను. తుడిచిన పుస్తకములు జార్జి ఆర్వెల్ వ్రాసిన '1984', 'యానిమల్ ఫామ్' కావుట విధి చేసిన పరిహాసము. మొదటిది, పాత కాగితములను ప్రభుత్వమే దిద్దివేయు లోకమును గూర్చిన కథ. మిచిగన్ రాష్ట్రమందలి బడి విద్యార్థి ఒకడు పాఠమునకై వ్రాసికొన్న వ్యాఖ్యలు, మూలము పోవుటచే, దేనికి వ్యాఖ్యలో తెలియకుండ మిగిలిపోయినవి. పుస్తకము పోయిన వేరొకటి కొనవచ్చును. ఆ పిల్లవాని శ్రమకు వెల కట్టువారెవరు? 2019లో మైక్రోసాఫ్ట్ కూడ తన పుస్తకముల అంగడిని మూసి, పైకము మరలించి, అమ్మిన పుస్తకములను వెనుకకు తీసికొనిపోయెను.

వస్తువులకును ఇదే గతి పట్టినది. 2022లో బి.ఎం.డబ్ల్యు. కార్ల సంస్థ కొన్ని దేశములలో ఆసనమును వెచ్చచేయు సదుపాయమునకు నెలసరి రుసుము పెట్టెను. తీగలు కారులో అమర్చియే యున్నవి. కొన్నవాడు వాని బరువును మోయుచునే యున్నాడు. జనము గేలి చేయగా 2023లో మానుకొనిరి. (మెదకు ఎండలలో ఆసనము వెచ్చబడుటకు ఎవరికిని చందా కట్టనక్కరలేదు; అది వేరు మాట.) హెచ్.పి. సంస్థ నడుపు సిరా పథకములో, చందా మానిన పిదప కార్ట్రిడ్జిలో సిరా మిగిలియున్నను కాగితముపై అక్షరము పడదు.

ఇక మన తరగతి గదులకు వత్తము. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2022 డిసెంబరులో ఎనిమిదవ తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు అయిదు లక్షలకు పైగా ట్యాబులు పంచినది. బైజూస్ సంస్థ పాఠములను, అంతర్జాలము లేకున్నను తెరచుకొనునట్లు, లోపలనే నింపి యిచ్చిరి. ఆ పంపకమును గూర్చి ఎవరి అభిప్రాయమేమైనను, ఈ యొక్క యోచన మెచ్చదగినదని మా తలంపు. ఏలయన, 2024 జూలైలో బెంగుళూరులోని కంపెనీ న్యాయాధికరణము ఆ సంస్థపై దివాలా విచారణకు అనుమతించినది. ప్రతి పాఠమును సంస్థ అనుమతి కొఱకు కాచుకొనునదియై యుండిన, అప్పులిచ్చినవారి వ్యాజ్యమునకు, పిల్లవాని లెక్కల పాఠమునకు ముడిపడియుండెడిది. ముద్రాపకుడు దివాలా తీసినను పెద్దబాలశిక్ష మూతపడదు.

మన పూర్వుల క్రయపత్రములను చూడుడు. నేల నమ్మినవాడు నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షిణి, ఆగామి, సిద్ధ, సాధ్యములను అష్టభోగములను పేరు పేరున అప్పగించెడివాడు. ఆగామి యనగా ఇకముందు కలుగబోవు లాభము, అదియు కొన్నవానిదే. సాక్షులుండిరి; భాష ఊరివారికి తెలిసినది. నేటి క్రయపత్రమో, ఆంగ్లములో చీమకాళ్లవంటి అక్షరములతో నుండును. 'అంగీకరించుచున్నాను' అను మీట నొక్కనిదే వస్తువు కన్ను తెరువదు. చదివి నొక్కినవారిని మేము చూడలేదు. మేమును చదువలేదు.

2020 జూలై 20న అమలునకు వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము, తగిన కారణము లేకయే ఒక పక్షము తనంత తాను ఒప్పందమును త్రెంచుకొనగల షరతును అన్యాయమైన ఒప్పందపు లక్షణములలో చేర్చినది. అట్టి ఫిర్యాదు వినవలసినది రాష్ట్ర కమిషను. రెండువేల రూపాయల పెట్టె కొఱకు మెదకు నుండి హైదరాబాదునకు తిరుగువారెందరు? కనుక రక్షణ అమ్మకపు వేళనే ఉండవలెను. మందు సీసాపై గడువు వ్రాయించిన ప్రభుత్వము, ఈ యంత్రములపై కూడ చందా ఆగిన నాడు ఏవి పనిచేయునో, ఏవి ఆగునో తెలుగులో వ్రాయింపవచ్చును.

అంతవరకు బడులకు తెరపలకలు కొను ప్రధానోపాధ్యాయులు ఆ రెండు పంక్తులను అమ్మువాని చేతనే రసీదు వెనుక వ్రాయించి, సంతకము తీసికొనగోరుచున్నాము. హవేలిఘనపూర్‌లో ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న యువకులు ఏదో యొక యంత్రపు షరతులను ఒక పుట తెలుగు చేసి తరగతిలో చదివింపగలరేమో చూడవలెను. పలుమార్లు ఆంగ్ల వాక్యము తెనుగునకు లొంగదు. ఎచ్చట లొంగలేదో అచ్చట గీత గీసి యుంచుడు.