దొర నడుముకున్న తుపాకి మనకు దిక్కవుతుందా?

"లైసెన్సు రివాల్వర్ ఒకటి తీసుకుంటె ఎట్లుంటదన్నా?" భువనగిరి, ఆత్మకూర్ దిక్కు ఈ మాట మా చెవిన పడుతున్నది. అడుగుతున్నది గూండాలు కాదు. అక్రమ వెంచర్ మీద దరఖాస్తు పెట్టినందుకు బెదిరింపు ఫోన్లు అందుకుంటున్న పంతులు, చెరువు శిఖం భూమి గురించి నోరు తెరిచిన విద్యార్థి, ఫైలు మీద సంతకం పెట్టనన్న చిన్న ఉద్యోగి. భయపడ్డవాళ్లను ఎగతాళి చేయడం మా పని కాదు. వాళ్ల భయం నిజం. అయితే ఆ భయానికి తుపాకి మందు అవునా, కాదా? ఈ విషయం తేల్చుకోవాలి.

మన దగ్గర ఆత్మకూర్ అంటే ఏ ఆత్మకూర్ అని అడుగుతారు. పాలమూరులో అమరచింత సంస్థానానికి గద్దె అయిన ఆత్మకూర్ ఇప్పుడు వనపర్తి జిల్లాలో ఉంది. సూర్యాపేట వైపు ఆత్మకూర్ (ఎస్) ఉంది. మేం చెబుతున్నది పాత నల్లగొండలో ఉండి, 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వచ్చిన ఆత్మకూర్ (ఎం) గురించి. బెల్లి లలిత పుట్టిన నాంచారిపేట ఈ మండలంలోదే. భువనగిరి స్పిన్నింగ్ మిల్లులో పని చేసిన ఆడబిడ్డ, తెలంగాణ కోసం గొంతెత్తిన పాట. 1999 మేలో ఆమెను ఎత్తుకుపోయి చంపారు. శరీరాన్ని ముక్కలు చేశారు. ఈ హత్యలో బయటికి వచ్చిన పేరు భువనగిరి నయీం ముఠాది.

లలిత ఒక్కతే కాదు. 2000 నవంబరులో హైదరాబాదులో పౌరహక్కుల నాయకుడు పురుషోత్తంను చంపారు. 2001 ఫిబ్రవరిలో నల్లగొండలో ఆజం అలీని చంపారు. వీళ్లెవరి చేతిలోనూ ఆయుధం లేదు. "అందుకే చచ్చిండ్రు, మనమన్నా తెలివికి రావాలె" అంటున్నారు కొందరు తమ్ముళ్లు. ఆగండి తమ్ముళ్లారా! వాళ్ల నడుముకు రివాల్వర్ లేకపోవడం వల్ల చావలేదు. చంపినవాళ్లకు తమను ఎవరూ పట్టుకోరన్న ధీమా ఉండడం వల్ల చచ్చారు. హంతకునికి ఉన్న ఆ ధీమాను మీ తుపాకి తీసెయ్యగలదా?

ముందు చట్టం సంగతి చూద్దాం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండినవాళ్లు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కమిషనరేట్ ఉన్న చోట కమిషనర్, లేని చోట కలెక్టర్ లైసెన్సు ఇస్తారు. పోలీసు విచారణ రిపోర్టు రావాలి. 2016 నిబంధనలు వచ్చినంక తుపాకి వాడకంలో శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ కూడా కావాలి. ఆస్తి చాలినంత లేదన్న ఒక్క సాకుతో దరఖాస్తును తోసిపుచ్చరాదని అదే చట్టం 14వ సెక్షన్ చెబుతున్నది. నిరాకరిస్తే కారణం రాసిపెట్టాలి, అప్పీలుకు దారి ఉండాలి. కాగితం మీద పాలేరు, పటేలు సమానమే. మరి ఊరిలో? లైసెన్సు తుపాకి ఎవరింటి గోడకు వేలాడిందో మన తాతలను అడగండి. ఎవరి వెంట గన్‌మెన్లు తిరుగుతున్నారో మీ కళ్లతోనే చూడండి. బెదిరించేవాడు ముందూ వెనకా గన్‌మెన్లను పెట్టుకుని తిరుగుతుంటే, బెదిరింపు పడ్డవాడు ఫారం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. ఇదీ మన సమానత్వం!

సరే, లైసెన్సు దొరికిందే అనుకుందాం. ఏది కొంటారు? పోలీసు నడుముకుండే 9 ఎంఎం పిస్తోలు సామాన్యునికి నిషిద్ధం. మీకు మిగిలేది ఎక్కువగా .32 బోరు. 2014లో కాన్పూర్ ప్రభుత్వ కర్మాగారం ఆడవాళ్ల రక్షణ కోసమని 'నిర్భీక్' అనే .32 రివాల్వర్ తెచ్చింది. అర కిలో బరువు, లక్షా ఇరవై వేలు దాటిన ధర. కూలి తల్లికి అది కలలో కూడా అందదు. ఆడబిడ్డకు రాత్రిపూట బస్సు, దారిలో లైటు, స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ ఇయ్యలేని ప్రభుత్వం లక్ష రూపాయల రివాల్వర్ ఇస్తానంటున్నది. ఆ పేరులోని నిర్భయం డబ్బున్నవాళ్లదే.

రివాల్వర్, పిస్తోలు అని బేరీజు వేస్తున్నవాళ్లకు ఒక మాట. రివాల్వర్‌లో తూటాలు తిరిగే చక్రంలో ఉంటాయి. ఒకటి పేలకపోతే ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే తర్వాతది వస్తుంది. పనితనం సాదాది. పిస్తోలుకు మ్యాగజైన్, సేఫ్టీ, స్లైడు ఉంటాయి. ఇరుక్కుంటే సరిచేసే అలవాటు చేతికి ఉండాలి. ఏది కొన్నా అభ్యాసం లేకపోతే అది ఇనుప ముక్కే. గుండె దడదడలాడుతున్నప్పుడు, చీకట్లో, నలుగురు మీద పడ్డప్పుడు ఆ ఇనుప ముక్క ముందుగా చేరేది అవతలివాడి చేతికే. దాడి చేసేవాడు జాగాను, యాళ్లను తానే ఎంచుకుంటాడు. మీరు ఎంచుకోలేరు.

మోసుకు తిరగడం సంగతి కూడా వినండి. నడుముకు హోల్‌స్టర్ కట్టాలి, బయటికి తీసి చూపరాదు. ఇంట్లో తాళం వేసి దాచాలి, పిల్లల చేతికి చిక్కనియ్యరాదు. ఎలక్షన్లొస్తే స్టేషన్‌లో డిపాజిట్ చేయాలి. అంటే పల్లెల్లో తలలు పగిలే రోజుల్లోనే మీ తుపాకి పోలీసుల బీరువాలో ఉంటుంది! పెండ్లి బరాత్‌లో గాలిలోకి కాల్చి హీరోలయ్యే బాపతు కూడా వినాలి. 2019 సవరణ ప్రకారం దానికి రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. ఇక లైసెన్సు గొడవెందుకు, చాటుగా తపంచా కొనుక్కుందామనేవాళ్లుంటే ఇప్పుడే చెబుతున్నాం, వద్దు. అది పేలితే మీ చేయే పోవచ్చు. పట్టుబడితే మిమ్మల్ని బెదిరించినవాడు బయట, మీరు లోపల.

ఆత్మరక్షణ హక్కు చట్టంలో ఉంది. 2024 జులై నుండి అమలైన భారతీయ న్యాయ సంహితలోనూ ఉంది. అయితే దానికి హద్దుంది. రక్షణకు అవసరమైనంతే తప్ప అంతకు మించి హాని చేయరాదు. కాలర్ పట్టుకున్నవాడిని కాల్చి చంపితే కోర్టులో మీరే ముద్దాయి. వాడికి పెద్ద వకీలు, మీకు జప్తయిన రివాల్వర్.

"మరి మన తాతలు తుపాకి పట్టలేదా?" అని కొందరు మమ్మల్ని నిలదీస్తారు. పట్టారు. ఎట్ల పట్టారో కూడా చెప్పుకోవాలి. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దొర మనుషుల తుపాకి దొడ్డి కొమురయ్య ప్రాణం తీసింది. ఆ రోజు ఊరేగింపులో ఉన్నవి కట్టెలు, వడిసెలలు. ఏడాది దాటినంక, 1947 సెప్టెంబర్ 11న, రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం సాయుధ పోరాటానికి పిలుపిచ్చారు. బైరాన్‌పల్లి బురుజు మీద భర్మార్లు పట్టిన జనం రజాకార్లను వెనక్కి తరిమారు. 1948 ఆగస్టు 27న నిజాం బలగం పెద్ద ఆయుధాలతో వచ్చినప్పుడు ఆ ఊరు నెత్తురు మడుగైంది. ఈ చరిత్ర రెండు పాఠాలు చెబుతుంది. ఆ భర్మారు ఒక మనిషి జేబులోది కాదు, ఊరిది. ఊరు కాపలా కాసింది, ఊరు డప్పు కొట్టింది, ఊరే నిలబడ్డది. అట్ల నిలబడ్డ ఊరి మీదికి కూడా రాజ్యం అంతకన్నా పెద్ద తుపాకితో వచ్చింది. ఒంటరి పంతులు నడుముకున్న .32 ఆ బురుజుకు వారసత్వం కాదు. అది గడి గోడకు వేలాడిన తుపాకికి చిన్న తమ్ముడు.

"అయితే చేతులు కట్టుకుని చావాల్నా?" అంటారు. ఆ ప్రశ్నను తప్పించుకోం. ప్రాణభయం నిజంగా ఉండి, చట్ట ప్రకారం లైసెన్సు తీసుకుని, నేర్చుకుని, తాళం వేసి దాచుకునే మనిషిని మేం తప్పుపట్టం. అది ఆయన హక్కు. కాని దాన్ని ఉద్యమ మార్గమని, యువతకు ధైర్యమని ఊదరగొట్టేవాళ్లతో మాకు పేచీ ఉంది. ఒక్కడు తుపాకి కొంటే వాడి చుట్టున్న పదిమంది ఇంటికి పోతారు, ఆయన చూసుకుంటాడులే అని. హంతకునికి కావలసింది అదే. ఒంటరి మనిషి.

నయీం 2016 ఆగస్టు 8న షాద్‌నగర్ దగ్గర పోలీసు కాల్పుల్లో చచ్చాడు. ఆ డెన్‌లలో డబ్బు, తుపాకులు, భూముల కాగితాలు దొరికాయి. సిట్ వేశారు. సంబంధాల ఆరోపణ మీద 2017లో పోలీసు అధికారులు సస్పెండయ్యారు. అంటే ఏంది? లలిత ప్రాణం తీసిన ముఠాకు దన్ను ఎక్కడి నుండి వచ్చిందన్న ప్రశ్న పోలీసు స్టేషన్ గడప దాకా వచ్చింది. చచ్చినవాడు సాక్ష్యం చెప్పడు. ఎవరు పోషించారో, ఎవరు వాడుకున్నారో చెప్పాల్సిన నోరు తూటాతో మూతపడ్డది. జనానికి రావలసిన జవాబు ఇంకా బాకీనే. ఆ బాకీ వసూలు చేయకుండా మీరు పది రివాల్వర్లు కొన్నా రేపు ఇంకో నయీం పుడతాడు.

అందుకే మేం అడుగుతున్నది ఇది. బెదిరింపు ఫోన్ మీద ఫిర్యాదు వస్తే అదే రోజు ఎఫ్ఐఆర్ కావాలి. భూకబ్జాలను బయటపెట్టేవాళ్లకు అడక్కుండానే రక్షణ కావాలి. ఏ మండలంలో ఎవరెవరికి గన్‌మెన్లున్నారో, ఎందుకున్నారో, ఆ ఖర్చు ఎవరు భరిస్తున్నారో జనం ముందు పెట్టాలి. నయీం కేసులో రాజకీయ, పోలీసు పోషకుల పేర్లు బయటికి రావాలి. మీ వంతు కూడా ఉంది. బెదిరింపును ఇంట్లో దాచుకోకండి, కాగితం మీద పెట్టండి. ఒంటరిగా స్టేషన్‌కు పోకండి, యాభై మందితో పోండి. సంఘం, యూనియన్, విద్యార్థి మిత్రులు, ఊరి పెద్దమనుషులు, విలేకరి, అందరికీ చెప్పండి. మీ పేరు పదిమందికి తెలిసిననాడు మీ మీద చెయ్యేసేవాడు పదిసార్లు ఆలోచిస్తాడు.

లలిత చేతిలో తుపాకి లేదు. పాట ఉంది. ఆ పాటకు భయపడే వాళ్లు ఆమెను ముక్కలు చేశారు. ఆమె వెనుక నడవాల్సిన జనం ఆ రోజు చాలినంత లేరు. ఆ లోటును నింపాల్సింది తూటాలతో కాదు, మనుషులతో. తెలంగాణ వచ్చింది 2014లో. గడీల తుపాకి మాత్రం ఇంకా దిగలేదు. దాన్ని దించడానికి ఊళ్లకు ఊళ్లు కదలాలి!