అహరోను కూడా అలిసిపోయాడు

ఐగుప్తులో బానిసలుగా మగ్గుతున్న ఇశ్రాయేలీయులను విడిపించమని దేవుడు పిలిచినప్పుడు మోషే వెనుకంజ వేశాడు. తనకు నోటిమాంద్యం ఉందని విన్నవించుకున్నాడు. అప్పుడు దేవుడు అతని అన్న అహరోనును అతనికి నోరుగా ఇచ్చాడు. తోబుట్టువుకు నోరుగా నిలవడం ధన్యమైన పనే. అయితే ఫరో ఎదుట నిలిచేనాటికి తమ్ముడికి 80 ఏళ్లు, అన్నకు 83. దేవుడు ఆ పని అప్పగించింది పెద్దవాడికి, పదమూడేళ్ల పిల్లవాడికి కాదు.

వినికిడి లేని బిడ్డ ఉన్న ఇళ్లలో ఆ భారం చాలాసార్లు వినగలిగే చెల్లి మీదో, అన్న మీదో పడుతుంది. చిన్నప్పుడు అదొక ఆట. తమకే తెలిసిన సైగలు కల్పించుకుని మురిసిపోతారు. టీనేజీకి వచ్చేసరికి ఎవరి స్నేహాలు వారివి, ఎవరి రహస్యాలు వారివి. 'ప్రతిసారీ నేనే చెప్పాలా?' అని ఒకరు విసుక్కుంటారు. భోజనాల దగ్గర అందరూ నవ్వుతుంటే 'ఏమిటి?' అని మరొకరు సైగ చేస్తారు. 'తర్వాత చెబుతాలే' అన్నదే జవాబు. ఆ 'తర్వాత' చాలాసార్లు రాదు. తల్లితో మాట్లాడాలన్నా చెల్లే మధ్యవర్తి అయితే, చెల్లి మీద కోపం వచ్చిన రోజున ఆ అన్న తన బాధ ఎవరితో చెప్పుకోవాలి?

మోషేకు నోరైన అహరోనే, అక్క మిర్యాముతో కలిసి అతని మీద సణిగాడు. దేవుడు తమతో కూడా మాట్లాడలేదా అన్నదే వారి అక్కసు. సేవ చేసే తోబుట్టువు మనసులోనూ గాయం ఉంటుందని ఆ సంఘటన చెబుతోంది. తప్పిపోయిన కుమారుని ఉపమానంలో తండ్రి చిన్నవాడికి ఎదురు పరుగెత్తాడు. అలిగి బయట నిలిచిన పెద్దవాడి దగ్గరికి కూడా తానే వెళ్లి బతిమాలాడు. తల్లిదండ్రులు ఈ ఇద్దరి దగ్గరికీ వెళ్లాలి.

దెకపొలి ప్రాంతంలో చెవిటివాడిని తీసుకొచ్చినప్పుడు యేసు ప్రభువు అతనిని జనసమూహం నుంచి పక్కకు తీసుకెళ్లాడు. చెవుల్లో వేళ్లుంచాడు, నాలుకను ముట్టాడు, ఆకాశం వైపు చూశాడు. మాట వినబడకముందే, కంటికి కనబడే తీరులో తన మనసు తెలిపాడు. యోహాను పుట్టినప్పుడు మూగవాడైన జెకర్యాకు బంధువులు సైగలు చేసి అడిగారు, పలక అందించారు. బిడ్డకు ఏ పేరు పెట్టాలన్నది తండ్రే స్వయంగా రాశాడు.

మనమూ ఆ ప్రయత్నం చేయాలి. మన దేశంలో భారతీయ సంజ్ఞా భాష కోసం కేంద్ర ప్రభుత్వం 2015లో ఢిల్లీలో ఒక సంస్థను నెలకొల్పింది. అది రూపొందించిన నిఘంటువు 2021 నాటికి 10,000 పదాలకు చేరింది. వాటి వీడియోలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇంటిల్లిపాదీ రోజుకు అయిదు సైగలు నేర్చుకుంటే ఏడాదిలో భోజనాల దగ్గర ఎవరూ ఒంటరిగా మిగలరు. సంఘాల్లోనూ ప్రతి ఆదివారం ఆ చెల్లే ప్రసంగాన్ని సైగల్లో చెప్పనక్కర్లేదు. యౌవనస్థుల్లో మరో నలుగురు నేర్చుకుంటే, ఆమె కూడా ఒక పూట తీరికగా కూర్చుని వాక్యం వింటుంది.

అన్నకు చెల్లి చెల్లిగానే మిగలాలి. నోరుగా నిలిచే పని మనమందరం పంచుకుందాం.