బోర్లా పోసే బల్ల

వంటగట్టుకు గ్రానైటే వెయ్యాలనేముంది? కాంక్రీటు పలకను ఇంట్లోనే పోసుకోవచ్చు. కష్టమంతా అచ్చు దగ్గరే.

ముందు గట్టు మీద అట్ట పరిచి, గోడ వంకరతో సహా గీసి కత్తిరించండి. మన గోడలు ఎక్కడ తిన్నగా ఉంటాయి కనుక! ఆ కొలతకి లామినేట్ అంటించిన ప్లైవుడ్‌తో ఒకటిన్నర అంగుళాల లోతు పెట్టె చేయించండి. మూలల్లో సిలికాన్ పూసి వేలితో లాగితే పలక అంచులు గుండ్రంగా వస్తాయి. సింకు రంధ్రం కోసం థర్మకోల్ దిమ్మె అతికించాలి. పలకను బోర్లా పోస్తాం కాబట్టి పెట్టె అడుగు ఎంత నునుపైతే గట్టు అంత నునుపు.

మేం దెబ్బతిన్నది ఇక్కడే. అట్టను తిరగెయ్యకుండానే పెట్టెలో పరిచి సింకు గుర్తు పెట్టేశాం. వారం రోజులు తడిపి, నలుగురం పట్టి పలకను తిప్పితే రంధ్రం కాస్తా పొయ్యి వైపు వచ్చింది! గోడ వంకర కోత వల్ల అటుదిటు మార్చడానికీ వీల్లేదు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు పలక... దాదాపు 70 కిలోలు. ఇప్పుడది పెరట్లో అంట్లు తోమే గట్టు. మా ఆవిడ దాన్ని చూసినప్పుడల్లా నవ్వుతుంది.

మీరు మాత్రం అట్ట మీద 'పైవైపు' అని పెద్దక్షరాలతో రాసుకోండి. పెట్టెలో పరిచాక ఆ రాత మీకు కనబడకూడదు.