ఆ రోడ్డు ఎందుకంత ప్రశాంతం?



పాల్వంచ నుంచి కిన్నెరసాని డ్యామ్ దాకా సైకిల్ తొక్కితే భలే ఉంటదని సెలవురోజు వచ్చేటోళ్ళు మురుస్తరు. అడవి, నీళ్ళు, ఎత్తుపల్లాలు, హారన్ మోత లేదు. తొక్కనియ్యండి, సైకిల్ పొగ వదలదు కదా. కానీ లోపలికి పోయేకొద్దీ ఆ ప్రశాంతత ఎక్కడిది? చాలా గూడేలకు బస్సు రాదు గనక! మనకు సైకిల్ సరదా కాదు, బడికీ సంతకూ అదే బండి. వాగు పొంగితే అదీ నడవదు, గర్భిణిని జెట్టీ కట్టి మొయ్యాల్సిందే.

రోడ్డు అడిగితే "అభయారణ్యం, కుదరదు" అంటరు. కిన్నెరసాని నీళ్ళు పాల్వంచ థర్మల్ కేంద్రం దాకా పోయేందుకు దారి దొరికింది. మన పిల్లలు బడికి పోయేందుకు దొరకదా?

2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) చదవండి. గ్రామసభ సిఫారసు చేస్తే రోడ్డుకు హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. బడి, అంగన్‌వాడీ కూడా ఆ జాబితాలోనే ఉన్నయి.

అడవి పోవాలని ఎవరూ అడగట్లే. చట్టం ఇచ్చిన దారే అడుగుతున్నం. ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు గ్రామసభలో తీర్మానం పెట్టించండి. సైకిల్ రూటు తర్వాత గీసుకోవచ్చు, ముందు గూడేనికి రోడ్డు రావాలె.

జై ఆదివాసీ!