అన్నదమ్ములు కావడానికి ఇదా పరీక్ష?

2021లో అమెరికాలోని మూడు విశ్వవిద్యాలయాల్లో, మూడు వేర్వేరు విద్యార్థి సంఘాలు ఒకే తంతు జరిపాయి. ఫిబ్రవరిలో వర్జీనియా కామన్వెల్త్, మార్చిలో ఒహాయోలోని బౌలింగ్ గ్రీన్, అక్టోబరులో మిస్సోరి. సంఘంలోకి కొత్తగా వస్తున్న కుర్రాడికి ఒక పెద్దన్నను కేటాయిస్తారు. ఆ రాత్రి పెద్దన్న వరస కలుపుకొని తమ్ముడి చేతిలో మద్యం సీసా పెడతాడు. తెల్లారేలోగా అది ఖాళీ కావాలి. మొదటి రెండు చోట్లా తమ్ముళ్లు చనిపోయారు. మిస్సోరి కుర్రాడు బతికాడు గానీ చూపు పోయింది, నడక పోయింది, మాట పోయింది. నాలుగేళ్ల ముందు, 2017 నవంబరులో ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయంలోనూ ఇదే పెద్దన్న రాత్రి, ఇదే సీసా, మళ్లీ ఒక చావు. బౌలింగ్ గ్రీన్‌లో ఈ తంతు నడిపిన పై కాపా ఆల్ఫా సంఘానికి ఇది కొత్త కూడా కాదు. 2012లో నార్తర్న్ ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంలోని ఆ సంఘ శాఖలోనూ కొత్త విద్యార్థి ఒకడు తాగించిన మద్యానికే బలయ్యాడు.

ఇన్నిసార్లు, ఇన్ని చోట్ల ఒకే తీరున జరిగినదాన్ని ప్రమాదం అనకూడదు. ఇది ఒక పద్ధతి. పద్ధతిని రద్దు చేయాలి తప్ప, ఒక్కో చావు తర్వాత ఒక్కో శాఖకు తాళం వేసి చేతులు దులుపుకుంటే లాభం లేదు. ప్లెడ్జింగ్ అనే ఈ పరీక్షాకాలాన్ని అమెరికా విశ్వవిద్యాలయాలు పూర్తిగా ఎత్తివేయాలి. ఎత్తివేశామని చెప్పి దొంగచాటుగా నడిపిస్తే, ఆ శాఖ కుర్రాళ్లతో పాటు వారి జాతీయ సంస్థా, చూసీచూడనట్టు ఊరుకున్న విశ్వవిద్యాలయ అధికారులూ బోనులో నిలబడాలి.

తెలుగు పాఠకులకు ఈ వ్యవస్థ కాస్త వింతగా ఉంటుంది. మగపిల్లలవి ఫ్రెటర్నిటీలు, ఆడపిల్లలవి సొరోరిటీలు. రెండు మూడు గ్రీకు అక్షరాలే వాటి పేర్లు. 1776లో పుట్టిన ఫై బీటా కాపా వీటికి మూలపురుషుడు. నేడది చదువులో మేటి విద్యార్థులను గుర్తించే గౌరవ సంఘం మాత్రమే. మిగిలినవి సొంత ఇళ్లు, రహస్య ప్రమాణాలు, జీవితాంతం సాగే పరిచయాలతో వేళ్లూనుకున్నాయి. సెమిస్టరు మొదట్లో పరిచయ విందులుంటాయి. నచ్చినవారికి ఆహ్వానం పంపుతారు. ఒప్పుకున్నవాడు వెంటనే సభ్యుడైపోడు. కొన్ని వారాలపాటు ప్లెడ్జ్‌గా ఉండాలి. ఆ వారాల్లో అతడు పాత సభ్యుల గదులు ఊడుస్తాడు, అర్ధరాత్రి కార్లు నడుపుతాడు, సంఘం చరిత్ర బట్టీ పడతాడు, చెప్పింది తింటాడు, పోసింది తాగుతాడు. చివర దీక్ష. హేజింగ్ అంటే ఇదంతా.

2017 ఫిబ్రవరి 2 రాత్రి పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలోని బీటా థీటా పై ఇంట్లో జరిగింది కెమెరాలకెక్కింది కాబట్టి లోకానికి తెలిసింది. పైకి అది మద్యం నిషిద్ధమైన ఇల్లు. 19 ఏళ్ల టిమోతీ పియాజ్జాకు 82 నిమిషాల్లో 18 సార్లు మద్యం అందించారని దర్యాప్తులో తేలింది. అతడు నేలమాళిగ మెట్ల మీద నుంచి పడ్డాడు. పైకి మోసుకొచ్చి సోఫాలో పడేశారు. మొహాన నీళ్లు కొట్టారు. పొర్లిపోకుండా పుస్తకాలు నింపిన సంచిని వీపుకు తగిలించారు. ఆసుపత్రికి తీసుకెళ్దామన్న కొత్త సభ్యుడిని గోడకేసి నెట్టారు. రాత్రంతా ఆ పిల్లవాడు లేవడం, తూలడం, మళ్లీ పడటం కెమెరాల్లో ఉంది. అత్యవసర నంబరు 911కు ఫోన్ వెళ్లింది మర్నాడు పదకొండు కావస్తుండగా. అప్పటికి పడి పన్నెండు గంటలు. పుర్రె చిట్లింది, ప్లీహం పగిలింది. ఫిబ్రవరి 4న ప్రాణం పోయింది. ఏడున్నరేళ్లు గడిచాక, 2024 అక్టోబరులో ఆ శాఖ మాజీ నాయకులిద్దరికి పడిన శిక్ష రెండు నుంచి నాలుగు నెలల జైలు.

ఆ పన్నెండు గంటల్లో ఎవరికీ ఫోన్ చేయాలని తోచలేదా? తోచింది. కానీ 21 ఏళ్లు నిండని వారికి మద్యం పోసిన నేరం బయటపడుతుంది, శాఖ మూతపడుతుంది, సంఘానికి చేసిన రహస్య ప్రమాణం అడ్డొస్తుంది. పైగా సంఘాల బీమా పాలసీలు హేజింగ్‌ను మినహాయిస్తాయి. అంటే జరిగింది హేజింగ్ అని తేలితే నష్టపరిహారం ఆ కుర్రాళ్ల తల్లిదండ్రుల ఇళ్ల మీదకు వస్తుంది. ఇలా ప్రతి నిబంధనా ఫోన్ ఎత్తనివ్వని వైపే తోస్తుంది. ఫ్లోరిడా మాత్రం, ఫ్లోరిడా స్టేట్‌లో చనిపోయిన ఆ విద్యార్థి పేరుతో 2019లో తెచ్చిన 'ఆండ్రూ చట్టం'లో సాయం కోసం మొదట ఫోన్ చేసినవారిపై కేసు ఉండదని రాసింది. ప్రాణం కాపాడే నిబంధన ఏదైనా ఉంటే అదే. దాన్ని మిగతా రాష్ట్రాలూ తమ చట్టాల్లో చేర్చుకోవాలి.

సమర్థించేవారి మొదటి వాదన: ఎవరూ బలవంతం చేయలేదు, ఇష్టపడే చేరారు. ఇంటికి దూరంగా, ముక్కూమొహం తెలియని ఊళ్లో, పద్దెనిమిదేళ్ల వయసులో, చుట్టూ ముప్పై మంది పాతవాళ్లు నిలబడి కేకలు వేస్తుంటే కాదనగలిగే ధైర్యం ఎందరికి ఉంటుంది? ఆ 'ఇష్టం' ఎంత బలమైందో మద్యం మూడో గ్లాసు దాటాక కొలవడం ఇంకా విడ్డూరం. సంతోషించాల్సింది ఏమిటంటే, 2024 డిసెంబరు 23న అధ్యక్షుడు బైడెన్ సంతకం చేసిన స్టాప్ క్యాంపస్ హేజింగ్ చట్టం, బాధితుడు ఒప్పుకున్నాడా లేదా అన్నది లెక్కలోకి రాదని నిర్వచనంలోనే తేల్చేసింది.

రెండో వాదన: కష్టం కలిసి పడితేనే బంధం గట్టిపడుతుంది. దీనికి 1959లోనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆరన్‌సన్, మిల్స్ సమాధానం ఇచ్చారు. ఒక చర్చా బృందంలో చేరడానికి కొందరు కాలేజీ అమ్మాయిలతో సిగ్గుపడే మాటలు పైకి చదివించారు, ఇంకొందరిని తేలిగ్గా చేర్చుకున్నారు. తర్వాత వినిపించిన చర్చ కావాలనే అత్యంత విసుగ్గా తయారుచేసినది. ఎక్కువ సిగ్గుపడి చేరినవారికే అది ఎక్కువ నచ్చింది. పడ్డ బాధ వృథా అని ఒప్పుకోలేక మనసు ఆ బృందానికి లేని విలువ కట్టింది. ఈ 'బంధం' గుట్టు అంతే. అలా విలువ కట్టుకున్నవాడే మరుసటి ఏడాది పెద్దన్నై సీసా అందుకుంటాడు. మన అత్తాకోడళ్ల కథలు తెలిసినవారికి ఇందులో కొత్తేమీ కనిపించదు.

పెద్దల ఉదాసీనతకు మూలం కూడా ఇక్కడే. 1967లో యేల్ విశ్వవిద్యాలయంలో ఒక సంఘం కొత్తవారి ఒంటిపై వాతలు పెడుతోందని గొడవైనప్పుడు, అంతకుముందు ఆ సంఘానికి అధ్యక్షుడిగా ఉన్న విద్యార్థి ఒకరు అది సిగరెట్ చురక పాటిదేనని న్యూయార్క్ టైమ్స్‌కు చెప్పారు. ఆ విద్యార్థి జార్జ్ డబ్ల్యూ. బుష్. చట్టసభల్లో, కంపెనీ బోర్డుల్లో, విశ్వవిద్యాలయాలకు విరాళాలిచ్చే పూర్వ విద్యార్థుల్లో ఇలాంటి పాత సభ్యులు కొల్లలు. కోట్లు గుమ్మరించే వారి సంఘాన్ని ముట్టుకోవడానికి ఏ విశ్వవిద్యాలయ అధ్యక్షుడు సాహసిస్తాడు? సాహసించినవారు లేకపోలేదు. విలియమ్స్ కాలేజీ 1960ల్లో, ఆమ్హర్స్ట్ 1984లో, బోడిన్ 1990ల చివర్లో వీటిని సాగనంపాయి. వాటి ప్రతిష్ఠకు వచ్చిన లోటేమీ లేదు.

సొరోరిటీల్లో మద్యం చావులు తక్కువ. పెద్ద సొరోరిటీల ఇళ్లలో మద్యానికి తావు లేదు. అక్కడ నిద్ర చెడగొట్టడం, శరీరాన్ని వెక్కిరించడం, నలుగురిలో నవ్వులపాలు చేయడం ఆయుధాలు. అయినా 2002లో లాస్ ఏంజెలెస్ సముద్ర తీరంలో రాత్రివేళ ఇద్దరు యువతులు మునిగిపోయినప్పుడు, అది సొరోరిటీ దీక్షలో భాగమేనని వారి కుటుంబాలు కోర్టుకెక్కాయి.

మా వాదనకు ఎదురుగా నిలిచే గట్టి ఉదాహరణ ఒకటుంది, దాన్ని దాటవేయలేం. నల్లజాతి విద్యార్థులను తెల్లవారి సంఘాలు గడప తొక్కనివ్వని కాలంలో వారు కట్టుకున్న తొమ్మిది సంఘాలకు గొప్ప చరిత్ర ఉంది. మార్టిన్ లూథర్ కింగ్, కమలా హ్యారిస్ వాటి సభ్యులే. ఆ సంఘాలు 1990లోనే ప్లెడ్జింగ్ రద్దు చేశాయి. రద్దైంది కాగితం మీదే, తంతు చాటుగా సాగింది. 2025 ఫిబ్రవరిలో లూసియానాలోని సదరన్ విశ్వవిద్యాలయంలో 20 ఏళ్ల విద్యార్థి అలాంటి తంతులో ఛాతీపై గుద్దులు తిని చనిపోయాడని పోలీసులు చెప్పారు. 2014లో ప్లెడ్జింగ్ ఎత్తేసిన సిగ్మా ఆల్ఫా ఎప్సిలాన్ అనే మరో సంఘంలోనూ ఆరోపణలు ఆగలేదు. అయితే రద్దు దండగేనా? కాదు. రద్దు ప్రకటించినవాడికి అది అమలు కాకపోతే వచ్చే నష్టమేమీ లేకపోవడమే దండగ.

ఆ నష్టం ఎలా ఉంటుందో ఒక్కసారి కనిపించింది. 2013 డిసెంబరులో న్యూయార్క్‌లోని బరూక్ కాలేజీకి చెందిన పై డెల్టా సై అనే ఆసియా సంతతి విద్యార్థుల సంఘం, 19 ఏళ్ల కొత్త సభ్యుడిని పెన్సిల్వేనియా కొండల్లో కళ్లకు గంతలు కట్టి, ఇసుక సంచి మోయించి, చీకట్లో పదేపదే నేలకేసి కొట్టింది. అమెరికాలో ఆసియావారు పడిన కష్టాలకు అది ప్రతీక అట. స్పృహ తప్పినవాడి బట్టలు మార్చారు, లక్షణాల గురించి ఇంటర్నెట్‌లో వెతికారు, ఆలస్యంగా ఆసుపత్రికి తెచ్చారు. అతడు బతకలేదు. అక్కడి జ్యూరీ కుర్రాళ్లతో ఆగలేదు. జాతీయ సంస్థనే దోషిగా తేల్చింది. 2018 జనవరిలో విచారణ కోర్టు ఆ సంస్థకు 1,12,500 డాలర్ల జరిమానా వేసి, పదేళ్లపాటు పెన్సిల్వేనియాలో కార్యకలాపాలు నడపకూడదని ఆదేశించింది. శాఖ వేరు, మేం వేరు అనే పాత పాట ఆ కోర్టులో చెల్లలేదు. అన్ని కోర్టుల్లోనూ చెల్లకుండా చేయాలి.

అమెరికాకు సుద్దులు చెప్పే అర్హత మనకెక్కడిదని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2015లో నాగార్జున విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ విద్యార్థిని ఉరి వేసుకున్న నాటికి రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టానికి 18 ఏళ్లు. అయితే 1997 నాటి ఆ చట్టంలో ఒక మంచి సూత్రం ఉంది: ఫిర్యాదు అందినా కదలని విద్యాసంస్థ అధిపతి నేరానికి ప్రోత్సాహకుడి కిందే లెక్క. మనం దాన్ని సరిగా వాడుకోలేదు. అమెరికా కొత్త చట్టంలో అసలు అలాంటిదే లేదు. లెక్కలు ప్రచురించమంటుంది, అవగాహన తరగతులు పెట్టమంటుంది, దోషులని తేలిన సంఘాల పేర్లతో నివేదిక ఇచ్చి ఏడాదికి రెండుసార్లు సవరించమంటుంది. కొత్త నేరాన్నీ, కొత్త శిక్షనూ చేర్చలేదు.

ఎంఎస్ కోసం వెళ్లే మన పిల్లలకు ఈ సంఘాలతో పెద్దగా పని ఉండదు. డాలస్‌లో, న్యూజెర్సీలో, ఫ్రీమాంట్‌లో పుట్టి పెరిగి డిగ్రీలో చేరుతున్న రెండో తరం సంగతి వేరు. వారికి ఆహ్వానాలు వస్తాయి. దక్షిణాసియా విద్యార్థుల కోసమే పుట్టిన సంఘాలూ ఉన్నాయి. ఆస్టిన్‌లో 1998లో డెల్టా ఎప్సిలాన్ సై, లాస్ ఏంజెలెస్‌లో 1999లో బీటా కై థీటా అలా మొదలైనవే. మనవాళ్లు నలుగురు తోడుంటారన్న ఆశ తప్పు కాదు. మనవాళ్లే కదా అన్న ధీమా మాత్రం బరూక్ కథ విన్నాక ఉండకూడదు.

ఈ రెండో తరం పిల్లల తల్లిదండ్రులు చేయగలిగింది ఒకటుంది. ఫీజు కట్టే ముందు ఆ విశ్వవిద్యాలయం హేజింగ్ నివేదిక తెరిచి చూడాలి. మొదటి నివేదికలకు గడువు 2025 డిసెంబరు 23. చూసేటప్పుడు 2008లో 53 విద్యాసంస్థల్లో 11 వేల మందికి పైగా విద్యార్థులతో చేసిన అధ్యయనాన్ని గుర్తుపెట్టుకోవాలి. సంఘాల్లో, జట్లలో ఉన్నవారిలో 55 శాతం మంది హేజింగ్ అనుభవించారు; తమకు జరిగింది హేజింగేనని గుర్తించినవారిలోనూ 95 శాతం మంది అధికారులకు చెప్పలేదు. కాబట్టి డజన్ల కొద్దీ సంఘాలున్న చోట నివేదిక ఖాళీగా కనిపిస్తే నిశ్చింత పడకుండా, ఫిర్యాదులు ఎవరు తీసుకుంటారో, గతేడాది ఎన్ని వచ్చాయో, ఎన్నింటిపై విచారణ జరిగిందో ఆ విశ్వవిద్యాలయాన్ని లిఖితపూర్వకంగా అడగాలి.