మన సిపాయిల గుర్తులేవి?

సంపాదకులకు,

యుద్ధకాలపు సైనిక శిక్షణ శిబిరంపై గ్రంథాలయ ప్రదర్శన గురించి మీరు వేసిన వ్యాసం బాగుంది. కానీ రాయలసీమకు అలాంటి చరిత్ర లేదని అందులో అన్న మాట ఒప్పుకోలేను. 1939-45 యుద్ధంనాడు కర్నూలు, కడప జిల్లాలు మద్రాసు ప్రావిన్సులోనివే. అంతకుముందు రద్దయిన మద్రాసు రెజిమెంట్‌ను ఆ యుద్ధంలోనే మళ్లీ నిలబెట్టారు. తమిళులు, మలయాళీలతోపాటు తెలుగువాళ్లూ అందులో చేరారు. కోయంబత్తూరు దగ్గరి మదుక్కరైలో శిక్షణ పొందిన పటాలాలు బర్మాలో పోరాడాయి. ఆ శిక్షణ కేంద్రం 1947లో వెల్లింగ్టన్‌కు మారింది.

శిబిరం మన ఊళ్లో లేకపోవచ్చు, వెళ్లిన సిపాయి మనవాడే. పాత ట్రంకుపెట్టెల్లో మిగిలిన పతకాలు, ఉత్తరాలు, డిశ్చార్జి కాగితాలు చెదలపాలు కాకముందే సేకరించాలి. మన ఊళ్ల చరిత్ర చెప్పే పాత రికార్డులైన కైఫియ్యతులను భద్రపరిచిన కడప సి.పి. బ్రౌన్ గ్రంథాలయమే అందుకు తగిన చోటు. ఇళ్లలో అలాంటివి ఉన్నవారు దయచేసి ముందుకు రండి.

– ఒక పాఠకుడు, కడప